పాత ఫోర్డు మోడల్ టీ కొన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికాలోని అయోవాలో 1917 నాటి ఫోర్డు మోడల్ టీ కొన్నానని, సెల్ఫ్ స్టార్టర్ లేదని, పల్లెదారుల్లో తిప్పాలని ఉందని రాశావు. చాలా సంతోషం. కానీ ఇప్పటి కార్ల అలవాటుతో దాని దగ్గరికి వెళ్లకు. 1908లో ఆ బండి వచ్చింది బురదదారుల కోసం, తన పనిముట్లు తనే బాగుచేసుకునే రైతు కోసం. అందులో వింతగా కనిపించే చాలావాటికి ఆ దారుల్లోనే కారణం దొరుకుతుంది.

అన్నిటికన్నా ముందు వెనక ఇరుసు విప్పించు. ఈ బండి బ్రేకు పెడలు చక్రాలను పట్టుకోదు, గేరుపెట్టెలోని డ్రమ్మును పట్టుకుంటుంది. ఇరుసులో చక్రాలను తిప్పే పెద్ద పళ్లచక్రం, అంటే రింగు గేరు, పక్కకు జరగకుండా ఆపే వాషర్లు అప్పట్లో బాబిట్ అనే మెత్తటి తెల్లలోహంతో చేసేవారు. ఏళ్లు గడిచాక అవి పొడిగా రాలిపోతాయి. రింగు గేరు జరిగి, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రమైన పినియన్‌ను వదిలేసిందంటే అటు బ్రేకూ ఉండదు, ఇటు ఇంజను పట్టూ ఉండదు. చేతి లివరు ఒక్కటే మిగులుతుంది. అది నిలిపిన బండి కదలకుండా ఉంచడానికే గాని, పల్లంలో పరుగెత్తే బండిని ఆపడానికి చాలదు. కంచు వాషర్లు వేయించేదాకా బండి రోడ్డెక్కకూడదు. అమ్మినవాళ్ల మాట నమ్మి ఊరుకోకు, విప్పి కళ్లతో చూడు.

ఇక స్టార్టు చేయడం. ఆ రోజుల్లో క్రాంకు, అంటే బండి ముందుండే తిప్పుడు పిడి, తిప్పబోయి చేతులు విరగ్గొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. చాలావరకు కారణం స్పార్కు వేళకు ముందే పడటం. స్టీరింగు కింద ఎడమపక్క లివరు స్పార్కుది, కుడిపక్కది పెట్రోలుది. ఎడమదాన్ని పూర్తిగా పైకి నెట్టు, కుడిదాన్ని నాలుగైదు పళ్లు కిందికి దించు. చేతి లివరు బాగా వెనక్కి లాగి, చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టు. స్విచ్చు వేయకుండానే, రేడియేటరు దగ్గరున్న చోకు తీగ లాగిపట్టి క్రాంకును రెండు మూడుసార్లు పావుచుట్టు చొప్పున తిప్పు. తర్వాత స్విచ్చు వేసి, పిడిని ఎడమచేత్తో పట్టుకో. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, పిడిని చుట్టకూడదు. అడుగు నుంచి పైకి ఒక్క లాగు లాగు. కిందికి ఎప్పుడూ నొక్కకు. పైకి లాగేటప్పుడు ఇంజను ఎదురు తన్నినా పిడి వేళ్లలోంచి జారిపోతుంది, చేయి దక్కుతుంది. ఇంజను అందుకోగానే స్పార్కు లివరు కిందికి దించు, లేకపోతే ఊరికే వేడెక్కుతుంది.

చలికాలం ఇంకా జాగ్రత్త. ఆయిలు చిక్కబడి క్లచ్చు పలకలు అంటుకుపోతాయి, స్టార్టయిన బండి ఎదురుగా ఉన్న నీ మీదికే పాకుతుంది. రైతులు వెనక చక్రం ఒకటి జాకీతో పైకెత్తి, మిగతావాటికి ముందూ వెనకా అడ్డుపెట్టి తిప్పేవారు.

ఎడమ పెడలు పూర్తిగా తొక్కితే తక్కువ గేరు, సగంలో న్యూట్రల్. చేతి లివరు ముందుకు ఉండగా పెడలు వదిలేస్తే పై గేరు. నడిమిది రివర్సు, కుడిది బ్రేకు. ఖాళీ మైదానంలో ఇవి కాళ్లకు అలవాటయ్యాకే బయటికి రా.

పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉంటుంది, పంపు లేదు. పెట్రోలు తక్కువుంటే నిటారు ఎత్తులో కార్బురేటరుకు అందదు. అందుకే కొండదారుల్లో వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కేవారు. రివర్సు లాగుడు కూడా ఎక్కువే. ఆయిలుకూ పంపు లేదు, చిమ్ముడే. కింద రెండు కుళాయిలుంటాయి, మట్టం ఆ రెంటి మధ్య ఉండాలి. ఎత్తులెక్కే రోజున పై కుళాయి దాకా పోసుకో, లేకపోతే ముందు సిలిండరు బేరింగు ఎండిపోతుంది.

చక్రాల మధ్య దూరం 56 అంగుళాలు, గుర్రబ్బండ్ల గాడిలో సరిపడేలా. దక్షిణ రాష్ట్రాల్లో బండిజాడలు వెడల్పు కాబట్టి 60 అంగుళాలవీ అమ్మారు. కారు వచ్చినంత మాత్రాన పల్లె మారలేదు, దారి కూడా బాగుపడాలి. 1896లో పల్లె ఇళ్ల గడపకే టపా తేవడం మొదలైంది. దారి బాగాలేని చోటికి టపా రాదన్నారు. అది రైతులను కదిలించింది. మిస్సోరీ రైతు డి. వార్డ్ కింగ్ చూపిన పద్ధతిలో, నిలువుగా చీల్చిన దుంగ రెండు ముక్కలను సుమారు 30 అంగుళాల ఎడంతో బిగించి, వాన వెలిసి మట్టి ఇంకా చెమ్మగా ఉండగా గుర్రాలతో ఏటవాలుగా లాగేవారు. మట్టి నడుమకు చేరి దారి గట్టుకట్టేది, నీళ్లు పక్కకు పోయేవి. 1916లో కేంద్ర ప్రభుత్వమే పల్లె టపాదారులకు డబ్బు ఇచ్చే చట్టం తెచ్చింది. పట్నం దగ్గరైంది, డాక్టరు వేళకు రాగలిగాడు. కూడలి కొట్లు, ఒంటిగది బళ్లు మాత్రం మూతపడుతూ వచ్చాయి. ఆ నష్టం చిన్నదేమీ కాదు.

మీ దగ్గర 'లెవెల్ బి' అని బోర్డున్న, పెద్దగా బాగుచేయని మట్టిదారులు ఇప్పటికీ ఉన్నాయి. వానపడ్డ మర్నాడు అటు పోకు. ఆ నేల మన నల్లరేగడి లాగే చక్రానికి చుట్టుకుంటుంది, కర్ర ఆకులున్న చక్రానికి ఆ బరువు మంచిది కాదు. ఆకులు కిర్రుమంటే ఆపి, చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడు, వదులైతే ఇక నడపకు. టైర్లలో గాలి 55–60 పౌండ్లు ఉండాలి. తగ్గితే టైరు రిమ్ము మీద జరిగి ట్యూబు వాల్వు తెగిపోతుంది. గంటకు 30 మైళ్లు దాటించకు. ఇరుసు విప్పాక లోపల వాషర్లు తెల్లగా ఉన్నాయో పసుపుగా ఉన్నాయో రాయి, మిగతా సంగతి అప్పుడు చూద్దాం.

మీ మామయ్య