డెన్వర్ దగ్గర ట్రైలర్‌లో చలికాలం గడవాలంటే ముందు నీళ్ళ సంగతి చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఇద్దరివీ ఇంటి నుంచి చేసే ఉద్యోగాలు, డెన్వర్ దగ్గర అపార్ట్‌మెంట్ లీజు నవంబరుతో అయిపోతోంది, సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) కొని, ఇలాంటి ఇళ్ళకి స్థలం అద్దెకిచ్చే ఆర్‌వీ పార్కులో పెట్టుకుందామనుకుంటున్నారు, రెండు స్పేస్ హీటర్లుంటే చలికాలం వెళ్ళిపోతుందా అని. మేమూ కొలరాడోలోనే, ట్రైలర్‌లోనే ఉంటున్నాం. చలికాలం కచ్చితంగా వెళ్తుంది. కానీ స్పేస్ హీటర్లను నమ్ముకుంటే మాత్రం వెళ్ళదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మనకి చలేస్తే ఇంకో రగ్గు కప్పుకుంటాం. నీళ్ళ పైపులకి ఆ వీలు లేదు. ట్రైలర్‌లో మంచినీళ్ళ ట్యాంకు, వాడిన నీళ్ళ ట్యాంకులు, పైపుల్లో చాలా భాగం నేల కిందే ఉంటాయి. చలికి తట్టుకునేలా కట్టిన ట్రైలర్లలో ఫర్నేస్ (గ్యాస్‌తో నడిచే, ట్రైలర్‌లోనే బిగించిన హీటర్) వేడిగాలి కొంత ఒక గొట్టం ద్వారా ఆ కింది భాగానికి పోతుంది. ఇప్పుడు మీరు గదిలో స్పేస్ హీటర్ పెట్టారనుకోండి. గది వెచ్చగా ఉంటుంది, థర్మోస్టాట్ అది చూసి ఫర్నేస్‌ని ఆన్ చెయ్యదు, కిందికి వేడిగాలి పోదు. మీరు హాయిగా నిద్రపోతుంటే కాళ్ళ కింద నీళ్ళు గడ్డకడుతుంటాయి. ఇక్కడ జనవరి రాత్రుల్లో 20 ఫారెన్‌హీట్ కిందికి దిగడం మామూలే, ఒక్కోసారి సున్నా కూడా దాటుతుంది. నీళ్ళు గడ్డకట్టడానికి 32 చాలు. అందుకని స్పేస్ హీటర్‌ని తోడుగా, తక్కువ మీద పెట్టుకోండి. రాత్రి పూట ఫర్నేస్ తిరగాల్సిందే.

కరెంటు లెక్క కూడా చూడండి. 30 ఆంప్స్ ట్రైలర్‌కి మొత్తం వచ్చేది 3,600 వాట్లు. ఒక్కో స్పేస్ హీటర్ 1,500. రెండూ తిరుగుతున్నప్పుడు మిగిలేది 600, అప్పుడు ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) ఆన్ చేస్తే బ్రేకర్ పడిపోతుంది. హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ తీగకి తగిలించకండి. గోడ ప్లగ్గుకే పెట్టి, అప్పుడప్పుడూ ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. చెయ్యి కాలేటంత వేడిగా ఉంటే వెంటనే తీసెయ్యండి. ట్రైలర్ల ప్లగ్గులు మాడిపోవడం చాలామంది దగ్గర చూశాను.

ఫర్నేస్‌కి ప్రొపేన్ కావాలి. 30,000 బీటీయూ (గంటకి ఇచ్చే వేడికి కొలత) ఫర్నేస్ రోజులో సగం సేపు తిరిగితే దాదాపు నాలుగు గ్యాలన్లు తాగుతుంది. 30 పౌండ్ల సిలిండర్‌లో పట్టేది ఏడు గ్యాలన్లు. అంటే బాగా చలిగా ఉన్నప్పుడు ఒక సిలిండర్ రెండు రోజులకి సరి. మంచులో సిలిండర్లు మోసుకుంటూ తిరగడం కన్నా, పెద్ద ట్యాంకు అద్దెకి పెట్టి వాళ్ళే వచ్చి నింపి వెళ్ళే ఏర్పాటు మీ పార్కులో ఉందేమో కనుక్కోండి. అద్దె మిగుల్చుకోవడం కోసం ఇదంతా చేస్తున్నామన్నారు కదా, ఈ గ్యాస్ ఖర్చు, మీటరు కరెంటు బిల్లు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

నీళ్ళు వచ్చే దారికి వేడెక్కే హోస్ పైపు దొరుకుతుంది, లోపల హీటింగ్ తీగ ఉంటుంది. కుళాయి దగ్గర కూడా చుట్టూ ఫోమ్ చుట్టాలి, పైపు వెచ్చగా ఉండి కుళాయి గడ్డకడితే లాభం లేదు. మరీ చలి రాత్రులకి మేం చేసేది ఇంకా తేలిక: మధ్యాహ్నమే ట్యాంకు నింపుకుని, పైపు ఊడదీసి, నీళ్ళు వంపి లోపల పెట్టుకుంటాం. రాత్రికి పంపు మీద వాడుకుంటాం. సింకు కింది అల్మరా తలుపులు తెరిచి పడుకోండి, వెనకున్న పైపులకి గది వేడి తగులుతుంది. బయటి గోడకి చిన్న ప్లాస్టిక్ తలుపు వెనకాల ఒక షవర్ ఉంటుంది చూడండి, వేసవిలో కాళ్ళు కడుక్కునేది. అన్నిటికంటే ముందు గడ్డకట్టేది అదే. దాని కుళాయిలో, పైపులో నీళ్ళు లేకుండా వంపేసి, ఆ గూట్లో ఫోమ్ కుక్కెయ్యండి. ఈ ట్రైలర్లలో ఉండే పెక్స్ అనే ప్లాస్టిక్ పైపులు కాస్త సాగుతాయి, అతుకుల దగ్గరుండే గట్టి ప్లాస్టిక్ సాగదు, పగులుతుంది. అది మంచు కరిగాక కారడం మొదలయ్యేదాకా తెలీదు.

అపార్ట్‌మెంట్లలో చలి రాత్రి కుళాయి సన్నగా వదిలెయ్యమంటారు. ఇక్కడ ఆ పని చెయ్యకండి. వాడిన నీళ్ళ ట్యాంకు వాల్వు మూసి ఉంటే తెల్లారేసరికి ట్యాంకు నిండి షవర్‌లోకి ఎగదన్నుతుంది, తెరిచి ఉంటే ఆ సన్నటి ధార డ్రెయిన్ పైపులో పొరలు పొరలుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. వాల్వులు మూసి ఉంచి, నిండాక, ఎండ ఉన్న మధ్యాహ్నం ఒకేసారి డంప్ చెయ్యండి, అంటే మురుగు పైపులోకి వదిలెయ్యండి. ఆ వాడిన నీళ్ళ ట్యాంకులో కొంచెం ఆర్‌వీ యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పోస్తే మంచిది, గులాబీ రంగులో ఉంటుంది. కార్లలో పోసేది విషం, అది ఇంట్లో నీళ్ళ పైపుల దరిదాపులకు కూడా రానివ్వకూడదు.

ట్రైలర్ చుట్టూ కిందకి గాలి దూరకుండా స్కర్టింగ్ కట్టాలి. ఫోమ్ బోర్డులు కోసి పెట్టుకున్నా చాలు. గడ్డిమోపులు పేర్చేవాళ్ళున్నారు, వాటిల్లో ఎలుకలు చేరతాయి.

ఇక లోపలి తేమ. మన తెలుగు వంట చేసుకునేవాళ్ళకి ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువ సమస్య. డెన్వర్ ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే కందిపప్పు ఎంతకీ ఉడకదు. కుక్కర్ విజిల్ వేసిన ప్రతిసారీ ఆ ఆవిరంతా చిన్న గదిలోనే తిరుగుతుంది. పైగా గ్యాస్ మండినా నీరు పుడుతుంది: ఒక గ్యాలన్ ప్రొపేన్ మండితే ముప్పావు గ్యాలన్ పైనే. ఫర్నేస్ పొగని బయటికి పంపేస్తుంది కాబట్టి దానితో ఈ ఇబ్బంది లేదు, పొయ్యి మీద మండేదంతా ఇంట్లోనే ఉంటుంది. తెల్లారి చూస్తే కిటికీ అల్యూమినియం చట్రం పొడుగునా నీటి బొట్లు, మూలల్లో అవే మంచుపొర. చలిగోడకి ఆనుకున్న అల్మరాలో చీరల మడతలు చల్లగా, చెమ్మగా తగులుతాయి. పరుపు ఎత్తి చూడండి, కింద చెక్క తడిసి ఉంటుంది. అలా వదిలేస్తే బూజు పట్టి, దగ్గు పట్టుకుంటుంది. పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వెయ్యండి. ఒక డీహ్యూమిడిఫయర్ కొని తేమ 50 శాతం దాటకుండా చూసుకోండి. వండుతున్నంత సేపూ పైకప్పు ఫ్యాన్ తిరగాలి, వేడి పోతుందని మూసెయ్యకండి. ఉతికిన బట్టలు లోపల ఆరెయ్యకుండా పార్కు లాండ్రీ డ్రయర్లో వేసుకోండి.

దోసెల పిండి చలికి పులవదు. ఇన్‌స్టంట్ పాట్‌లో పెరుగు సెట్టింగ్ మీద పెట్టండి, పెరుగూ అలాగే తోడుకుంటుంది.

వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి వదలడం మాత్రం ఎప్పుడూ వద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసే వాయువు, దానికి వాసన ఉండదు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి కార్బన్ మోనాక్సైడ్, ప్రొపేన్ అలారాల వెనక తేదీ చూడండి, వాటికీ గడువు ఉంటుంది. అయిపోయి ఉంటే కొత్తవి బిగించాకే లోపల పడుకోండి. ప్రొపేన్ గాలికన్నా బరువు, అందుకే దాని అలారం నేల దగ్గర ఉంటుంది, దానికి అడ్డంగా చెప్పులూ సంచులూ పెట్టకండి. ఎండుమిర్చి పోపుకి స్మోక్ అలారం గోల చేస్తుంది, చిరాకేసి బ్యాటరీ పీకెయ్యకండి. మంచు పడ్డాక ఫర్నేస్ పొగగొట్టం దగ్గర మంచు తీసెయ్యడం రోజూ ఉండే పని.

రోజు ఎలా గడుస్తుందని కూడా అడిగారు. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. ఇద్దరికీ ఒకే టైముకి మీటింగులుంటే ఒకరు పడకగదిలో తలుపు వేసుకోవాలి. తడి బూట్లకి, జాకెట్లకి గుమ్మం దగ్గర చోటు ముందే అనుకోండి. సాయంత్రం ఓసారి బయటికి వచ్చి నలుగురిలో పడండి. చలికాలం పార్కులో మిగిలేవాళ్ళు కొద్దిమందే, "మీకు నీళ్ళొస్తున్నాయా?" అని తలుపు తట్టి అడిగే మనుషులు వాళ్ళు. మాకు ఈ బతుకు మీద ఇష్టం పెరగడానికి వాళ్ళే కారణం.

ఉద్యోగం ఎక్కడినుంచైనా చెయ్యొచ్చంటే, జనవరి, ఫిబ్రవరి దక్షిణానికి వెళ్ళిపోవడం కూడా ఒక దారే. అరిజోనాలో క్వార్ట్‌జైట్ చుట్టూ ఉన్న ప్రభుత్వ ఎడారి భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా దీర్ఘకాలం ఉండనిస్తారు. ట్రైలర్ దగ్గరికి కరెంటు, నీళ్ళు రావు, సోలార్ పెట్టుకోవాలి. లిథియం బ్యాటరీలైతే 32 ఫారెన్‌హీట్ కింద ఛార్జ్ చెయ్యకూడదు, ఎడారిలో కూడా రాత్రుళ్ళు చల్లగానే ఉంటాయని గుర్తుంచుకోండి.

డెన్వర్‌లోనే అనుకుంటే, పార్కుకి అడ్వాన్స్ కట్టేముందు చలికాలమంతా స్థలం దగ్గర కుళాయి నీళ్ళు వదులుతారా లేదా అడగండి, కొన్ని చోట్ల కట్టేస్తారు. అమ్మేవాళ్ళు "ఫోర్ సీజన్" (చలికాలంతో సహా అన్ని కాలాలకీ పనికొస్తుంది) అని చెప్తే నమ్మెయ్యకండి, ఆ మాట ఎవరైనా రాసుకోవచ్చు. ఫర్నేస్ అరగంట నడపమని, కింద ట్యాంకు వాల్వులున్న గది తలుపు తీయించి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చటి గాలి తగలకపోతే ఇంకో బండి చూసుకోండి.