నీళ్లు నిలిచే ఉన్నాయి, కోడ్‌లో మాత్రం పారుతున్నాయి!

ప్రశ్న: తక్కువ లోతు నీటి ప్రవాహ సమీకరణాలకు ఫైనైట్ వాల్యూమ్ పద్ధతిలో (నేలను గడులుగా విడగొట్టి, గడుల మధ్య రాకపోకలను లెక్కగట్టే పద్ధతి) కంప్యూటర్ కోడ్ రాశాను. పరీక్షకని మధ్యలో దిబ్బ ఉన్న చెరువు తీసుకున్నాను. గాలి లేదు, నీటిమట్టం అంతటా సమానం. అయినా దిబ్బ చుట్టూ నీళ్లు కదులుతున్నాయి. చెరువు అడుగు (కింది నేల) చదునుగా ఉంటే ఏ గొడవా లేదు. గ్రిడ్ సన్నం చేస్తే (గడులను చిన్నవి చేస్తే) కదలిక తగ్గుతోంది గానీ పోవడం లేదు.
– ఎం.టెక్. విద్యార్థి, వరంగల్

జవాబు: టైపింగ్ తప్పు కోసం వెతక్కండి, లోపం పద్ధతిలోనే ఉంది. అదీ రెండు చోట్ల. పక్కపక్కనున్న రెండు గడులతో లెక్క వేసి చూద్దాం. ఎడమ గడిలో అడుగు ఎత్తు 0, లోతు 1.0 మీటరు. కుడి గడిలో అడుగు ఎత్తు 0.2, లోతు 0.8. రెండింటా నీటిమట్టం 1.0 మీటరే కాబట్టి నీళ్లు కదలకూడదు.

పీడన పదం అంటే గురుత్వ త్వరణంలో సగం × లోతు వర్గం. రెండు గడుల మధ్య దాని తేడా 4.905 × (1.00 − 0.64) = 1.766. అడుగు వాలు వల్ల వచ్చే బలాన్ని చూపే సోర్స్ టర్మ్ దీన్ని కచ్చితంగా కొట్టెయ్యాలి. అందులో లోతుల సగటు 0.9 పెడితే 9.81 × 0.9 × 0.2 = 1.766, సరిపోయింది. ఎడమ లోతు ఒక్కటే పెడితే 1.962 వస్తుంది. మిగిలిన 0.196 చిన్నదే అనిపిస్తుంది. కానీ గడి 1 మీటరు, కాలవ్యవధి 0.1 సెకను అయితే ఒక్క స్టెప్పులోనే సెకనుకు దాదాపు 2 సెంటీమీటర్ల వేగం పుట్టిస్తుంది.

రెండోదాన్ని చాలామంది గమనించరు. గడి సరిహద్దు దాటే ప్రవాహాన్ని ఫ్లక్స్ అంటారు; దాన్ని లెక్కగట్టే సూత్రాల్లో రూసనోవ్‌ది ఒకటి. రూసనోవ్ ఫ్లక్స్‌లో స్థిరత్వం కోసం ఒక డిసిపేషన్ (ఒడిదుడుకులను అణిచే) పదం ఉంటుంది: తరంగ వేగంలో సగం × లోతుల తేడా. మన గడులకు అది 1.566 × 0.2 = 0.313. అంటే నిలవ నీటిలో మీటరు వెడల్పుకు సెకనుకు 313 లీటర్లు పారుతున్నట్టు కోడ్ లెక్క కడుతోంది, అదీ దిబ్బ పైకి! సోర్స్ టర్మ్ ఎంత చక్కగా రాసినా ఇది ఆగదు. సోర్స్ ఉన్నది ద్రవ్యవేగ సమీకరణంలో, ఈ దొంగ ప్రవాహం ఉన్నది ద్రవ్యరాశి సమీకరణంలో.

ఫ్లక్స్‌కు లోతులను నేరుగా ఇవ్వకపోవడమే మందు. 2004లో ఒడూస్, బూషూ తదితరులు చెప్పిన హైడ్రోస్టాటిక్ రీకన్‌స్ట్రక్షన్ ఇదే. గడుల సరిహద్దు దగ్గర రెండు గడుల అడుగు ఎత్తుల్లో పెద్దది తీసుకోండి (0.2). రెండు వైపుల నీటిమట్టాల్లోంచి దాన్ని తీసెయ్యండి. రుణసంఖ్య వస్తే 0 చెయ్యండి. ఇప్పుడు రెండు వైపులా లోతు 0.8 అయింది, దొంగ ప్రవాహం పోయింది. ఎడమ గడి ద్రవ్యవేగ ఫ్లక్స్‌కు మాత్రం 4.905 × (1.0² − 0.8²) కలపండి. కుడి గడికీ ఇదే సూత్రం, దాని సొంత లోతుతో. ఇక్కడ అది సున్నా. డబుల్ ప్రెసిషన్‌లో నడిపితే మిగిలే వేగం రౌండాఫ్ (అంకెలను కుదించడంలో వచ్చే అతి చిన్న తేడా) స్థాయిలోనే ఉండాలి. అంతకన్నా ఎక్కువ కనిపిస్తే, ముందుగా గట్టు దగ్గరి సరిహద్దు గడులను అనుమానించండి.

ప్రశ్న: వరద అంచున, నీరు పొడినేలను తాకే చోట వేగం సెకనుకు 200 మీటర్లు చూపించి కోడ్ ఆగిపోతోంది.
– పరిశోధకురాలు, కాకినాడ

జవాబు: వేగం కోసం ప్రవాహాన్ని లోతుతో భాగిస్తున్నారు. లోతు మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్నచోట ఆ భాగహారానికి అర్థం లేదు. ఒక హద్దు పెట్టుకోండి: నదీ వరదకు 1 మిల్లీమీటరు, ప్రయోగశాల కాలువకు ఇంకా తక్కువ. హద్దుకు దిగువన వేగాన్ని సున్నా చెయ్యండి, లోతును మాత్రం ముట్టుకోకండి. దాన్నీ సున్నా చేస్తే ప్రతి స్టెప్పులో కాస్త కాస్త నీరు మాయమవుతుంది.

ఘర్షణనూ చూడండి. లోతు 1 సెంటీమీటరు, వేగం సెకనుకు 1 మీటరు, మ్యానింగ్ గుణకం (నేల గరుకుదనం కొలత) 0.03 అనుకుందాం. ఘర్షణ రేటు సెకనుకు 4.1 వస్తుంది. 0.5 సెకను స్టెప్పుతో పాత విలువలనుంచే తీసేస్తే కొత్త వేగం −1.05. ఘర్షణ నీటిని ఆపాలిగానీ వెనక్కి తోస్తుందా? తీసెయ్యడం మాని, వేగాన్ని (1 + 4.1 × 0.5)తో భాగించండి. 0.33 వస్తుంది, గుర్తు మారదు. కూరాంట్ సంఖ్యను (ఒక్క స్టెప్పులో తరంగం గడిలో ఎంత వంతు దాటుతుందో చెప్పేది) 0.5 దాటనివ్వకండి.

ప్రశ్న: కొండవాలు మీద వాన నీటి లెక్కకు 30 మీటర్ల ఎత్తుల డేటా చాలదా?
– ఇంజినీరు, పాడేరు

జవాబు: పైన చెప్పిన పద్ధతితో చాలదు. వాలు 2 శాతం అయితే గడికి 60 సెంటీమీటర్ల దిగుడు. మీ నీటి పొర 10 సెంటీమీటర్లే. కింది గడి నీటిమట్టం పై గడి అడుగుకన్నా కిందే ఉండిపోయి, సరిహద్దు దగ్గర లెక్కలో దాని లోతు 0 అయిపోతుంది. ఆపైన దిగుడు 60 సెంటీమీటర్లయినా 6 మీటర్లయినా ఫ్లక్స్ ఒకటే, నీరు కావలసినదానికన్నా నెమ్మదిగా దిగుతుంది. లోతును వాలుతో భాగిస్తే 5 మీటర్లు. గడి అంతకన్నా చిన్నదిగా ఉండాలి, లేదా రెండో తరగతి పద్ధతికి (గడి లోపలి వాలునూ లెక్కలోకి తీసుకునేది) మారాలి. కేవలం వాన నీటి దిగుడు కావాలంటే డిఫ్యూజన్ వేవ్ (జడత్వాన్ని వదిలేసే సరళ సమీకరణం) చాలు. ఇంకొకటి: ఉపగ్రహ డేటాలో వాగు దగ్గర ఉండేది నీటి పైమట్టమే, అడుగు కాదు.

ప్రశ్న: చెరువు పరీక్ష నెగ్గితే కోడ్ సరైనదేనా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదు. పారే నీటితోనూ చూడాలి. 25 మీటర్ల కాలువ, 8 నుంచి 12 మీటర్ల మధ్య 0.2 మీటర్ల ఎత్తు దిబ్బ, మీటరు వెడల్పుకు సెకనుకు 0.18 ఘనపు మీటర్ల ప్రవాహం, దిగువ చివర లోతు 0.33 మీటర్లు. దిబ్బ దిగే చోట హైడ్రాలిక్ జంప్ (వేగంగా పారే నీరు ఒక్కసారిగా నెమ్మదించి మట్టం పైకి లేవడం) రావాలి. స్థిరపడ్డాక లోతుల గ్రాఫ్ కాదు, ప్రవాహం గ్రాఫ్ గీయండి: అంతటా 0.18 ఉండాలి. జంప్ దగ్గర ఒకటి రెండు గడుల్లో ముల్లులా లేస్తే అది మామూలే. దిబ్బ పొడవునా వంగితే మాత్రం గ్రిడ్ సన్నం చేసి, ఆ వంపు తగ్గుతోందో లేదో చూడండి.