అలర్జీ ఉన్న ఇంట్లో కుక్కపిల్ల

ప్రశ్న: మా బాబు ఏడాదిగా కుక్కపిల్ల కావాలని అడుగుతున్నాడు. మావారికేమో కుక్క దగ్గరికొస్తే తుమ్ములు, కళ్ల దురద. జుట్టు అంతగా రాలని పూడిల్ అయితే ఇబ్బంది ఉండదని అమ్మేవారు అంటున్నారు. నమ్మవచ్చునా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. అలర్జీకి అసలు కారణం వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలోనూ, చర్మం నుంచి రాలే సన్నని పొట్టులోనూ, మూత్రంలోనూ ఉండే ప్రోటీన్లు. అవి లేని జాతి అంటూ లేదు. 1980ల చివరలో ఆస్ట్రేలియాలో, అంధులకు దారి చూపే కుక్కలను పెంచే వాలీ కాన్రన్ అనే ఆయన, భర్తకు అలర్జీ ఉన్న ఒక అంధురాలి కోసం లాబ్రడార్‌ను పూడిల్‌తో కలిపితే మూడు పిల్లలు పుట్టాయి. ఆ భర్తకు పడింది వాటిలో ఒక్కటే.

కాబట్టి జాతిని కాక, తెచ్చుకోబోయే ఆ ఒక్క కుక్కనే పరీక్షించుకోవాలి. మీవారు నాలుగైదు సార్లు వెళ్లి, ప్రతిసారీ గంటసేపు దానితో గడిపి, ముంజేతిని నాకనిచ్చి, ఆ రాత్రి దద్దుర్లు గానీ ఆయాసం గానీ వస్తాయేమో గమనించాలి. కొందరికి మగకుక్క ప్రోస్టేట్ గ్రంథిలో తయారయ్యే ప్రోటీన్ ఒక్కటే పడదు. రక్తపరీక్షలో అలా తేలితే ఆడకుక్క పడే అవకాశం ఉంటుంది.

ఆయనకు ఉబ్బసం ఉంటే మాత్రం ముందుగా వైద్యుని అనుమతి తప్పనిసరి. కుక్క వచ్చాక పడకగదిలోకి, ముఖ్యంగా తలుపులు మూసి ఏసీ వేసుకునే వేసవి రాత్రుల్లో, దాన్ని రానివ్వకండి.