రాట్నం ఇంటిదే, ఉన్ని ఎవరిది?

ప్రశ్న: యంత్రాలు రాకముందు ఇంగ్లండు పల్లెల్లో ఇంటిల్లిపాదీ ఉన్ని వడికి బట్ట నేసేవారని చదివాను. అది సొంత వాడకానికా, అమ్మకానికా? స్త్రీల పనికి కూలి ముట్టేదా?

జవాబు: 18వ శతాబ్దం నాటికి ప్రధానంగా అమ్మకానికే. అయితే బజారులో బేరమాడే హక్కు ఉన్ని ఎవరి సొత్తో వారిదే. ఉత్తర ఇంగ్లండులోని హాలిఫాక్స్ పరిసరాల్లో చిన్న నేతగాడు ఉన్ని తానే కొని, ఇంట్లోవారి చేత దువ్వించి, వడికించి, నేసిన తానును స్వయంగా తీసుకెళ్లి అమ్ముకునేవాడు. ఆ అమ్మకాల కోసమే మూడు వందలకు పైగా గదులతో కట్టిన పీస్ హాల్‌ను 1779లో అక్కడ తెరిచారు. నైరుతి ఇంగ్లండులోని విల్ట్‌షైర్, గ్లాస్టర్‌షైర్ వైపు పద్ధతి వేరు. ఉన్ని మొదలు బట్ట దాకా సరుకంతా వర్తకుడిదే కాబట్టి, ధర పెరిగినప్పుడు లాభం అతని ఇంటికి చేరేది, అమ్మకాలు మందగించినప్పుడు పని లేకుండా కూర్చునేది మాత్రం పల్లె కుటుంబం.

స్త్రీలకు కూలి ముట్టేది, తక్కువగా. ఒక మగ్గానికి సరిపడా నూలు అందాలంటే నలుగురైదుగురు వడకవలసి వచ్చేది గనుక, నేతగాడి ఇంటి ఆడవారు చాలక ఉన్ని చుట్టుపక్కల ఊళ్లకూ వెళ్లేది. అంత గిరాకీ ఉన్న పనిని, వంటకూ పాడికీ పిల్లల పెంపకానికీ మధ్య సాగుతుందన్న కారణంతో తీరిక వేళ పనిగా లెక్కగట్టడం, నా దృష్టిలో, కూలి తగ్గించడానికి దొరికిన సాకే.

వడికినందుకు కూలి లెక్క గంటలకు కాదు, చిలపలకు, అంటే నిర్ణీత పొడవున్న నూలు చుట్టలకు. పొడుగు పోగుల ఉన్నిని దువ్వి వడికే సన్నని వర్‌స్టెడ్ నూలు చిలపకు 560 గజాలు, అంటే 80 గజాల కట్టలు ఏడు ఉండాలి. కట్టలో కొన్ని చుట్లు తగ్గించడం వడికేవారి చేతిలో ఉన్న చిన్న ఉపాయం. దాన్ని పట్టుకోవడానికి యార్క్‌షైర్, లాంకషైర్, చెషైర్‌లలో తనిఖీదారులను నియమించే చట్టం 1777లో వచ్చింది. తూకంలో వర్తకుల మోసాలకు అంత పట్టుదలైన నిఘా లేదు!

1733లో జాన్ కే పేటెంటు పొందిన ఎగిరే నాడె (తాడు లాగితే మగ్గంలో అటూ ఇటూ దూసుకుపోయే నాడె) వాడకంలోకి వచ్చేకొద్దీ నేత వేగం పెరిగి, నూలు కొరత ఇంకా ముదిరింది. 1760లలో హార్‌గ్రీవ్స్ రూపొందించిన జెన్నీ, అంటే ఒకేసారి అనేక పోగులు వడికే యంత్రం, పత్తి నూలుకు ఆ లోటు తీర్చసాగింది. మొదటి జెన్నీలు చిన్నవి కావడంతో ఇళ్లలోనే ఇమిడాయి. తరువాత వడకడం మిల్లులకు తరలిపోయి రాట్నపు కూలి ఎండిపోయింది. చేనేత మాత్రం మరికొన్ని దశాబ్దాలు ఇళ్లలోనే సాగింది.