యూకేలో అద్దె ఇంటి ప్రీపేమెంట్ మీటరును నెలనెలా బిల్లు వచ్చే మీటరుగా మార్చుకోవచ్చా?

లెస్టర్‌లో అద్దెకు దిగిన ఇంట్లో ముందుగా డబ్బు వేయించిన కీ పెడితేనే నడిచే కరెంటు మీటరు, అలాగే కార్డు పెట్టే గ్యాస్ మీటరు ఉన్నాయని, వాటిని వాడుకున్నాక బిల్లు వచ్చే మామూలు క్రెడిట్ మీటర్లుగా మార్పించుకుంటే డబ్బు మిగులుతుందా అని అడిగారు. మార్పించుకోవచ్చు, మేము మార్పించుకున్నాం. కానీ డబ్బు మిగులుతుందన్న ఆశతో మాత్రం ఆ పనికి పూనుకోకండి. ఒకప్పుడు ప్రీపేమెంట్ వాళ్లకు ధర ఎక్కువగా ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి స్టాండింగ్ ఛార్జీల్లో, అంటే రోజువారీ స్థిర రుసుములో, ఆ తేడాను అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ తీసివేసింది. మేము మార్పించుకోవడానికి కారణం వేరు.

2024 సంక్రాంతికి నేనూ మా ఆవిడా కాకినాడ బయలుదేరేనాటికి కరెంటు మీటరులో 8 పౌండ్లు ఉన్నాయి. ఇంట్లో మనుషులే లేనప్పుడు ఒక్క ఫ్రిజ్ ఎంత కాలుస్తుందిలే అనుకున్నాం. వాడినా వాడకపోయినా స్టాండింగ్ ఛార్జీ కింద రోజుకు అర పౌండుకు పైగా పోతూనే ఉంటుందన్న సంగతి ఆ తొందరలో తట్టలేదు. నెల దాటాక ఆదివారం రాత్రి సూట్‌కేసులతో ఇంటికి చేరి స్విచ్ వేస్తే దీపం వెలగలేదు. ఫోన్ లైటు పట్టుకుని మెట్ల కింది అరలోకి దూరి చూస్తే మీటరు ఎప్పుడో కట్టేసుకుని కూర్చుంది. డబ్బు అయిపోయినప్పుడు అప్పుగా కొంత ఇచ్చే ఎమర్జెన్సీ క్రెడిట్ అనేది ఒకటుంటుంది గానీ, మా పాత మీటరులో మనిషి వెళ్లి కీ పెడితే తప్ప అది మొదలు కాదు. కీ మాతోపాటే విమానమెక్కింది.

పది నిమిషాలు నడిచి, కీలో డబ్బు వేసే పేపాయింట్ బోర్డు ఉన్న కొట్టు కట్టేసేలోపు అందుకుని, 10 పౌండ్లు వేయించుకుని వచ్చి కీ పెట్టాను. దీపం వెలగలేదు! కరెంటు పోయిన రోజు నుంచి పేరుకుపోయిన స్టాండింగ్ ఛార్జీ 12 పౌండ్ల దాకా ఉందట. నేను వేసిన పది అందులోకే పోయి, ఇంకా బాకీ చూపిస్తోంది. మళ్లీ కొట్టుకు పరుగెత్తాను. షట్టరు సగం దించేసిన గుజరాతీ పెద్దాయన నా మొహం చూసి మారు మాట్లాడకుండా మళ్లీ మిషన్ ఆన్ చేశారు. కరెంటు వచ్చాక ఫ్రిజ్ తలుపు తీస్తే, వెళ్లేముందు డీప్ ఫ్రీజర్‌లో దాచుకున్న గోంగూర, రొయ్యలు కలిసి చేసిన వాసన వారం రోజులు వదల్లేదు. కరెంటు లేనిదే బాయిలర్ పనిచేయదు కాబట్టి గ్యాస్ ఉన్నా ఇల్లు వెచ్చబడలేదు. ఆ రాత్రి కోట్లతోనే పడుకున్నాం.

ప్రీపేమెంట్ అలవాటైతే పొదుపు వస్తుందని వాదించేవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. అయిదుగురు కుర్రాళ్లు కలిసి ఉండే ఇంట్లో నేనూ ఏడాది ఉన్నాను. అక్కడ వచ్చింది పొదుపు కాదు, ఎవరు స్నానం చేస్తుండగా గ్యాస్ ఆగిపోతే వాడే టాప్ అప్ చేయాలన్న తగువు. మా నాన్నగారి ఇంట్లో నెలంతా వాడుకున్నాక రీడింగు తీసే మనిషి వచ్చి స్లిప్పు చేతికిచ్చి వెళ్తాడు; కట్టడానికి గడువు ఉంటుంది. జేబులో డబ్బు లేనివాడే ముందుగా కట్టాలనడం, కట్టలేకపోతే ఎవరూ వచ్చి ఆపకుండానే తనంతట తాను చీకట్లో మిగిలిపోవాలనడం నాకు ఏనాడూ న్యాయంగా తోచలేదు.

ఇక మార్పించే విషయం. బిల్లు మీ పేరు మీద ఉండి మీరే నేరుగా కంపెనీకి కడుతుంటే, మీటరు మార్చమని అడిగే హక్కు మీదే. ఇంటి యజమానికి ముందే చెప్పండి. ఖాళీ చేసేటప్పుడు పాత రకం మీటరే తిరిగి పెట్టించాలని ఒప్పందంలో రాసి ఉందేమో కూడా చూసుకోండి. మా యజమాని మొదట ససేమిరా అన్నాడు. వచ్చే అద్దెదారు బాకీ పెట్టిపోతే ఎలా అన్నది ఆయన భయం. బిల్లు బాకీ అది వాడుకున్న మనిషిదే గాని ఇంటిది కాదని రెండు ఈమెయిళ్లలో వివరించాక ఊరుకున్నాడు. కంపెనీ వాళ్లు మా క్రెడిట్ హిస్టరీ (అప్పులు, బిల్లులు కట్టిన చరిత్ర) చూశారు, పాత బాకీ లేదని నిర్ధారించుకున్నారు, మూడు వారాల తర్వాత మనిషిని పంపి రెండు మీటర్లూ ఉచితంగా మార్చారు. మీ ఇంట్లో ఉన్నది స్మార్ట్ మీటరైతే మనిషి రావలసిన పని కూడా ఉండదు, దూరం నుంచే మోడ్ మార్చేస్తారు. ఈ దేశానికి కొత్తగా వచ్చి క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లను కొందరు డిపాజిట్ అడుగుతారు.

ఒక జాగ్రత్త మాత్రం మరువకండి. ఇంట్లో దిగిన రోజే కంపెనీకి ఫోన్ చేసి మీ పేరు మీద కొత్త కీ, కొత్త కార్డు తెప్పించుకోండి. పాతవాళ్లు వదిలి వెళ్లిన కీతోనే నెట్టుకొస్తే, వాళ్ల బాకీ మీరు వేసే ప్రతి టాప్ అప్‌లో నుంచి కోసుకుపోయే ప్రమాదం ఉంది. మీటరు మార్చే మనిషి వచ్చినప్పుడు పాత మీటరు చివరి రీడింగు, కొత్త మీటరు మొదటి రీడింగు రెండూ ఫోటో తీసి ఉంచుకోండి. మా మొదటి బిల్లు అంచనా రీడింగుతో 140 పౌండ్లు అని వచ్చింది. ఆ ఫోటోలు పంపాక 61కి దిగింది.