మైత్రిలో చలికాలం గడపాలంటే... పాత కడుపునొప్పి సంగతి దాచవచ్చా?

ప్రశ్న: నా వయసు 31. వాతావరణ శాఖలో పని చేస్తున్నాను. అంటార్కిటికాలోని మన దేశ పరిశోధన కేంద్రం మైత్రిలో చలికాలం గడిపే బృందానికి దరఖాస్తు చేశాను. రెండేళ్ల కిందట అపెండిక్స్ వాచింది. ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తోనే తగ్గింది. ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. వైద్య పరీక్షల్లో ఈ సంగతి చెబితే పక్కన పెట్టేస్తారని మిత్రులు అంటున్నారు. చెప్పాలా? అక్కడి చీకట్లో నిద్ర పట్టదన్నది నిజమేనా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చెప్పాల్సిందే. అపెండిక్స్ వాపు మందులతో తగ్గినవారిలో, అయిదేళ్లలోపు పదిమందికి దాదాపు నలుగురిలో అది తిరగబెడుతుంది. మీకు రెండేళ్లే గడిచాయి. కర్నూలులో అర్ధరాత్రి నొప్పి వస్తే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లవచ్చు. మైత్రిలో నడి చలికాలంలో ఓడా రాదు, విమానమూ దిగదు. డాక్టర్ తోడుంటారు కానీ పెద్దాసుపత్రి హంగులు ఉండవు.

మైత్రికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే రష్యావారి నోవోలజరెవ్‌స్కాయా కేంద్రం ఉంది. 1961 ఏప్రిల్‌లో అక్కడి ఒకే ఒక్క డాక్టర్, 27 ఏళ్ల లియోనిద్ రోగొజోవ్‌కు అపెండిక్స్ వాచింది. వేరే దారి లేక, కోసే చోట మాత్రమే మొద్దుబారే మత్తు ఇచ్చుకుని తన పొట్ట తానే కోసుకున్నారు. అద్దంలో అంతా తలకిందులుగా కనిపిస్తుంటే చేతి గ్లవ్స్ తీసేసి వేళ్లతో తడుముకుంటూ దాదాపు గంటా ముప్పావు పని చేశారు. కోత అంచులను కొక్కేలతో పట్టి ఉంచింది మీ వృత్తివారే, వాతావరణ శాస్త్రవేత్త! ఇంకో రోజు ఆగితే అది పగిలేదని రోగొజోవ్ రాసుకున్నారు. ఆస్ట్రేలియా కేంద్రాల్లో చలికాలం ఉండే డాక్టర్లు ముందే అపెండిక్స్ తీయించుకోవాలన్న నియమం ఊరికే పెట్టలేదు. మిగతా సభ్యులకు ఆ నిబంధన లేదు. కానీ మీకు ఒకసారి వచ్చింది కాబట్టి, నా వరకైతే ల్యాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) తీయించుకోమనే చెబుతాను. ప్రయాణానికి కొన్ని నెలల ముందే సర్జన్‌ను కలవండి. డిశ్చార్జి కాగితం, బయాప్సీ నివేదిక పరీక్షలకు తీసుకెళ్లండి. మానిన కోతను చూసి భయపడే వైద్యులు తక్కువ. దాచిన జబ్బంటేనే మాకు భయం.

ఇక నిద్ర. మైత్రిలో సుమారు రెండు నెలలు సూర్యుడు కనిపించడు. మన ఒంట్లోని గడియారం చాలామందిలో 24 గంటల కంటే కాస్త ఎక్కువ తీసుకుంటుంది. రోజూ దాన్ని సరిచేసేది పొద్దుటి వెలుతురే. అది లేకపోతే నిద్రవేళ రోజుకు కొన్ని నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, చివరికి మధ్యాహ్నం ఆవలింతలు, రాత్రి జాగారం. పైగా మీకు మూడు గంటలకొకసారి రీడింగులు తీసే పని ఉంటుంది. రాత్రి డ్యూటీలు వారానికోసారి మారకుండా, ఒక్కరికే కొన్నాళ్లు వరుసగా వేయమని అడగండి. డ్యూటీ లేని రోజుల్లో నిద్ర లేచే వేళ మాత్రం మార్చకండి. లేవగానే అరగంట ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చుని టిఫిన్ తినండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. నిద్రమాత్ర కావాలనిపిస్తే కేంద్రం డాక్టర్‌ను అడగండి, సొంతంగా వేసుకోకండి.

ఎండ లేక విటమిన్ డి తగ్గుతుంది. వెళ్లేముందు రక్తపరీక్ష చేయించుకుని, మోతాదు డాక్టర్‌తోనే రాయించుకోండి. ఎక్కువైతే అది ఒంట్లో పేరుకుపోతుంది.

మీరు అడగనిది ఒకటుంది, పళ్లు. ఇప్పుడు చల్లనీళ్లకు జివ్వుమనే పన్ను ఉంటే ఈ నెలలోనే చూపించుకోండి.