కొలకర్ర చేతికొచ్చిన తర్వాత ఏమవుతుంది: ఒక మేస్త్రి కొడుకు సమాధానం

బైబిలులో యెహెజ్కేలు, జెకర్యా, యోహాను చూసిన దర్శనాలలో మందిరాన్ని, పట్టణాన్ని కొలకర్రతో కొలవడం దేనికి, ఆ అంకెలలో దాగిన రహస్యం ఏమిటి అని మీరు అడిగారు. అంకెల వెంటపడితే అసలు సంగతి చేజారిపోతుందని నా గట్టి నమ్మకం. ఆ దర్శనాలలో కొలవడం అనే పనికే ఒక అర్థం ఉంది. ఆ అర్థం నాకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు, మా ఇంటి పునాదికి పోసిన ముగ్గు దగ్గర దొరికింది.

మా నాన్న తాపీ మేస్త్రి. మేము ఉన్న పెంకుటిల్లు బజారు వీధిలో ఉండేది. రోడ్డు వెడల్పు చేయాలని ఒకరోజు నలుగురు మనుషులు టేపు పట్టుకుని వచ్చి, రోడ్డు మధ్య నుంచి కొలుచుకుంటూ మా ముందుగది దాటి నడిమి గది దాకా వచ్చి, గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీసి, పక్కన ఒక అంకె వేసి, మాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయారు. కూల్చింది నాలుగు నెలల తర్వాతే అయినా, ఇల్లు పోయింది ఆ గీత గీసిన రోజునే అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. పరిహారం ఆలస్యంగా వచ్చింది, వచ్చినది మిగిలిన సగం ఇంటిని నిలబెట్టుకోవడానికి కూడా చాలలేదు. పదుల కొద్దీ ఇళ్ళకు గోడలు లేపిన మనిషి తొమ్మిదేళ్ళు అద్దె ఇళ్ళలో కాపురం చేశారు.

తొమ్మిదేళ్ళ తర్వాత ఊరి చివర మూడు సెంట్ల స్థలం కొన్నాం. ముగ్గు పోసే రోజున మా నాన్న తెల్లవారకముందే వెళ్ళి, మూలల్లో కర్ర మేకులు దిగగొట్టి, నూలు తాడు లాగి, ఒక పక్క మూడు అడుగులు, ఇంకో పక్క నాలుగు అడుగులు గుర్తుపెట్టి, వాటి మధ్య సరిగ్గా అయిదు అడుగులు వచ్చేవరకు తాడును జరుపుతూనే ఉన్నారు. ఆపైన నాలుగు మూలల కర్ణాలు రెండూ కొలిచారు. అరంగుళం తేడా వస్తే మళ్ళీ మేకు పీకారు. చివరికి డబ్బాలో సున్నప్పొడి పోసుకుని తాడు వెంబడి తెల్లగీతలు పోశారు. గుమ్మాల దగ్గర గీత వదిలేశారు. నిజానికి ముగ్గులో గుమ్మాలు వదలరు, ఎందుకంటే పునాది గుమ్మం కింద నుంచి కూడా సాగుతుంది. అమ్మకు ఇల్లు కనబడాలని వదిలారు. ఆమె వచ్చి, పల్లేరుకాయలు తప్ప ఇంకేమీ లేని ఆ నేల మీద, ఎటునుంచైనా అడుగు వేసి దాటగలిగే ఆ సున్నపు గీతను దాటకుండా, చుట్టూ తిరిగి వీధిగుమ్మం వదిలిన చోటికి వచ్చి, అందులో నుంచి లోపలికి నడిచి, వంటింటి గుమ్మంలో నుంచి వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. "గీత తొక్కకే" అని నాన్న అంటే, "మీరు గుమ్మం వదిలారుగా, అందులోంచే వచ్చాను" అంది.

ఇప్పుడు యెహెజ్కేలు గ్రంథం 40వ అధ్యాయం తెరవండి. చెరపట్టబడిన ఇరవై అయిదో సంవత్సరం, పట్టణం కూలిన పద్నాలుగో సంవత్సరం అని ప్రవక్త తేదీ వేసి మొదలుపెడతాడు. మన లెక్కలో అది క్రీ.పూ. 573. యెరూషలేములో మందిరం లేదు, బూడిద ఉంది. యాజక కుటుంబంలో పుట్టి, సేవ చేయడానికి మందిరమే లేని ఈ మనిషి బబులోను దేశంలో పరదేశిగా ఉన్నాడు. అతన్ని ఒక ఎత్తయిన కొండ మీదికి తీసుకువెళ్ళి, ఇత్తడిలా మెరిసే ఒక పురుషుణ్ణి చూపిస్తే, ఆ పురుషుడి చేతిలో ఒక నారతాడు, ఒక కొలకర్ర ఉన్నాయి. కొలకర్ర ఆరు మూరలు, ఒక్కో మూర మూరెడు బెత్తెడు. మూర మీద బెత్తెడు ఎందుకు చెప్పాడో మన తెలుగువాళ్ళకు వివరించనక్కరలేదు, పూలమ్మే ఆమె చెయ్యి పొట్టిదైతే మూర ఎంత తగ్గుతుందో మనకు తెలుసు. ఏ మూరతో కొలుస్తున్నాడో ముందే చెప్పి కొలత మొదలుపెట్టే మనిషి మాటకు మా నాన్నలాంటి పనివాళ్ళు వెంటనే చెవి ఒగ్గుతారు.

పని మానేసిన తర్వాత మా నాన్న ఆ అధ్యాయాన్ని మా వరండాలో సుద్దముక్కతో గీశారు. తూర్పు గుమ్మం పొడవు 50 మూరలు, వెడల్పు 25 మూరలు, దాని లోపల ఇటు మూడు, అటు మూడు కావలి గదులు, ఒక్కో గది ఒక కర్ర పొడవు, ఒక కర్ర వెడల్పు. రెండు రోజులు గీసి, మూడో రోజు సుద్దముక్క పక్కన పెట్టి, "దీనికి ఎత్తులు లేవురా, ఇది ముగ్గు" అన్నారు. నేను వెళ్ళి వెతికి చూశాను. ఎత్తు చెప్పినవి కొన్ని ఉన్నాయి, ప్రాకారం, బల్లలు, బలిపీఠం లాంటివి. మిగతావన్నీ పొడవు, వెడల్పు మాత్రమే. ప్రాకారమైనా చూడండి, మందం ఒక కర్ర, ఎత్తు ఒక కర్ర, అంటే పది అడుగులకు కాస్త పైన. పది అడుగుల మందం పెట్టి పది అడుగుల ఎత్తుతో ఆపేసే గోడను శత్రువుకు భయపడి ఎవరూ కట్టరు. పరిశుద్ధమైన దానిని సాధారణమైన దాని నుంచి వేరు చేయడానికి ఆ గోడ అని 42వ అధ్యాయం చివరిలో ప్రవక్తే చెప్పాడు. 43వ అధ్యాయంలో దేవుడు యెహెజ్కేలుతో, ఈ మందిరాన్ని ఇశ్రాయేలీయులకు వివరించు, వాళ్ళు తమ దోషాలకు సిగ్గుపడి దీని నమూనాను కొలవాలి అంటాడు. పోగొట్టుకున్నవాళ్ళ చేతికి మళ్ళీ కొలత ఇస్తున్నాడు. లేని గుమ్మంలో నుంచి నడిచి వెళ్ళిన మా అమ్మను చూసినవాణ్ణి కనుక, ఆ మాటకు వేరే వ్యాఖ్యానం నాకు అవసరం లేకపోయింది.

ఇంత స్పష్టంగా ఉన్న భాగాన్ని మన సంఘాలలో ఎవరూ చదవరు. యెహెజ్కేలు అంటే 37వ అధ్యాయంలోని ఎండిన ఎముకలు, ఆ తర్వాత నేరుగా 47వ అధ్యాయంలోని నది, మధ్యలో ఉన్నదంతా దాటవేయడమే. చదివే కొద్దిమందేమో ఎత్తులు తామే కల్పించి, రంగుల్లో మందిరం బొమ్మలు వేసి, అది ఎప్పుడు కడతారో చెబుతుంటారు. ముగ్గును చూసి స్లాబు ఎప్పుడు వేస్తారని అడిగినట్లుంటుంది నాకు అది.

అయితే ఎర్ర గీత సంగతి కూడా బైబిలులో ఉంది, దాన్ని దాచిపెట్టి తెల్లగీత గురించి మాత్రమే చెప్పడం న్యాయం కాదు. రాజుల రెండవ గ్రంథం 21వ అధ్యాయంలో అప్పటికే కూలిన ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోనును కొలిచిన నూలునే యెరూషలేము మీద చాపుతానని, పళ్ళెం తుడిచి బోర్లించినట్లు ఆ పట్టణాన్ని తుడిచేస్తానని దేవుడు అంటాడు. విలాపవాక్యములు రెండో అధ్యాయంలో గోడను పడగొట్టడానికి ముందు నూలు చాపాడు. దావీదు మోయాబీయులను నేల మీద పడుకోబెట్టి తాడుతో కొలిచి, రెండు తాళ్ళ పొడవున ఉన్నవాళ్ళను చంపి, ఒక తాడు పొడవున ఉన్నవాళ్ళను బ్రతకనిచ్చాడు. ఆమోసు 7వ అధ్యాయంలో ప్రభువు గోడ దగ్గర నిలబడి చేత పట్టుకున్నదానికి హెబ్రీలో ఉన్న మాట బైబిలు మొత్తంలో అక్కడ తప్ప ఇంకెక్కడా రాదు, దాని అర్థం మీద పండితులకు వాదాలున్నాయి, కాని మన తెలుగు బైబిలు మట్టపు గుండు అన్నది, నాకు అదే నచ్చుతుంది. మా నాన్న గోడ మీద నుంచి గుండు వదిలితే, కట్టినవాడు పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టేవాడు. దారానికీ గోడకూ మధ్య పైన రెండు వేళ్ళు పట్టి, కింద దారం గోడను తాకుతూ ఉంటే ఇక మాటలు అక్కరలేదు, ఆ వరసలు ఊడదీయవలసిందే.

ఒకే నూలుతో పడగొట్టడమూ కట్టడమూ రెండూ జరిగితే ఇక కొలతకు అర్థమేమిటని మీరు అడగవచ్చు. కొలిచినవాడు ఆ స్థలం మీద తనకు అధికారం ఉందని చెబుతున్నాడు, అంతే. మా గోడ మీద అంకె వేసినవాళ్ళు చెప్పిందీ అదే, మా నాన్న సున్నం పోసి చెప్పిందీ అదే. అందుకే జెకర్యా మొదటి అధ్యాయంలో, కూలిన యెరూషలేము మీద మళ్ళీ నూలు చాపబడుతుంది అన్న మాట అంత పెద్ద వాగ్దానం అయింది. చెర నుంచి తిరిగి వచ్చినవాళ్ళకు ఆ నూలు అంటే ఏమిటో తెలుసు, వాళ్ళ తండ్రులు దాన్ని పడగొట్టే నూలుగా చూశారు.

జెకర్యా రెండో అధ్యాయంలో ఒక యువకుడు కొలనూలు పట్టుకుని యెరూషలేము వెడల్పు, పొడవు ఎంతో చూడాలని బయలుదేరుతాడు. ఒక దూత ఇంకో దూతతో, పరుగెత్తి ఆ యువకుడికి చెప్పు, మనుషులు, పశువులు అంత విస్తారంగా ఉండబోతున్నారు కనుక ఆ పట్టణం ప్రాకారాలు లేని ఊరిలా ఉంటుంది, దాని చుట్టూ నేనే అగ్ని ప్రాకారంగా ఉంటానని యెహోవా అంటున్నాడు అని చెప్పిస్తాడు. ఆ యువకుడి తప్పల్లా పాత పట్టణం పునాదుల మీద కొత్త పట్టణాన్ని కొలవబోవడమే అని నేను అనుకుంటాను. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా మా అమ్మ కొత్త స్థలంలో పాత ఇంటి గదులనే వెతికింది.

ప్రకటన గ్రంథం 11వ అధ్యాయంలో కొలకర్ర యోహాను చేతికే వస్తుంది. ఆలయాన్ని, బలిపీఠాన్ని, అందులో పూజించేవాళ్ళను కొలవమని ఆజ్ఞ, వెలుపటి ఆవరణాన్ని కొలవకుండా విడిచిపెట్టమని ఇంకో ఆజ్ఞ, అది 42 నెలలు అన్యజనుల కాళ్ళ కింద ఉంటుంది. ఆ 42 నెలలకు క్యాలెండరులో చోటు వెతికేవాళ్ళు ఎంతోమంది, కొలవబడడం అంటే ఏమిటని ఆగి అడిగేవాళ్ళు ఎవరూ లేరు. గ్రీకులో ఆలయానికీ, బలిపీఠానికీ, మనుషులకూ కలిపి ఒకటే క్రియ ఉంది. మన తెలుగు బైబిలు మాత్రం ఆలయాన్ని కొలిపించి, మనుషులను లెక్కపెట్టించింది. లెక్కపెడితే ఎంతమందో తెలుస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. కొలిస్తే వాళ్ళు ఆ కట్టడంలో రాళ్ళయినట్లు. పైగా తెలుగులో "కొలుచు" అంటే పరిమాణం చూడడమూ, సేవించడమూ రెండూనూ. కొలిచేవాళ్ళను కొలవమన్నాడు అని ఒక్క మాటలో చెప్పగల భాష మనది. ఆ అవకాశాన్ని అనువాదకులు ఎందుకు వదులుకున్నారో అని నేను నిజంగా బాధపడతాను.

ఇంతకన్నా పెద్ద బాధ 21వ అధ్యాయంలో ఉంది. దూత బంగారు కొలకర్రతో కొత్త యెరూషలేమును కొలిస్తే గ్రీకు మూలంలో 12,000 స్టేడియములు వస్తాయి, స్టేడియము అంటే ఆనాటి దూరపు కొలత. పన్నెండు గోత్రాలు, పన్నెండుమంది అపొస్తలులు, పన్నెండు గుమ్మాలు, పన్నెండు పునాదులు, 144 మూరల ప్రాకారం, వీటన్నిటి మధ్య ఆ 12,000 ఎందుకుందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. తెలుగులో దాన్ని కోసులలోకి మార్చి 750 చేశారు. దూరం సరిపోయింది, మాట పోయింది. అంకెలలో రహస్యం లేదని మొదట అన్నాను, రహస్యం లేకపోయినా అంకె పలికే మాట ఒకటి ఉంటుంది, దాన్ని ఉంచవలసింది.

ఆ పట్టణానికి మాత్రం పొడవు, వెడల్పుతో పాటు ఎత్తు కూడా చెప్పారు, మూడూ సమానం. మూడు వైపులా సమానమని కొలతలతో చెప్పిన గది బైబిలులో అంతకుముందు ఒకటి ఉంది, సొలొమోను కట్టిన మందిరంలోని అతిపరిశుద్ధ స్థలం, 20 మూరల పొడవు, 20 మూరల వెడల్పు, 20 మూరల ఎత్తు. యెహెజ్కేలు దర్శనంలో ఆ గది గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు ఇత్తడిలాంటి ఆ పురుషుడు ఒక్కడే లోపలికి వెళ్ళి కొలిచి, ఇది అతిపరిశుద్ధ స్థలము అని అక్కడి నుంచే చెప్పాడు. యాజకుడైన యెహెజ్కేలు గీత దాటలేదు, బయటే ఉండిపోయాడు. యోహాను చూసిన పట్టణమంతా ఆ గదే, దాని పన్నెండు గుమ్మాలూ ఎన్నడూ వేయబడవు.